పిల్లలున్న ఇంటికి ఏ పిట్ట మంచిది?

ఆదోని నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం చాలా రోజులుగా నా బల్లమీద అన్నిటికంటే పైన వున్నది. నాలుగు పేజీల ఉత్తరం. భర్తది పత్తి వ్యాపారం. ఇద్దరు పిల్లలు. బాబుకు తొమ్మిదేళ్లు, పాపకు నాలుగు. బాబుకు చిలక కావాలి. కొనిస్తే గాని బడికి పోనని రెండు రోజులు మొండికేశాడట. అత్తగారు మనవడి పక్షం. "మా కాలంలో ఏ ఇంట చూసినా చిలక వుండేది, చక్కగా రామా రామా అనేది. ఇప్పుడేమొచ్చిందమ్మా?" అంటారట. భర్తగారు ఎటూ చెప్పక పత్రిక వెనుక దాక్కున్నారు.

ఇంతలో ఒక మనిషి ఈకలైనా సరిగా రాని రామచిలక పిల్లను సంచిలో పెట్టుకొచ్చి చూపించాడు. పది రోజుల్లో మళ్లీ వస్తాననీ, డబ్బు సిద్ధంగా వుంచమనీ చెప్పి పోయాడు. "అక్కయ్యా, వద్దంటే కొడుకు ముందు చెడ్డదాన్ని, అత్తగారి ముందు పిసినారిని. సరేనంటే మనసొప్పడం లేదు. ఎందుకొప్పడం లేదో నాకే తెలియడం లేదు. పిల్లలతో ఆడుకునే పిట్ట ఏదైనా వుంటే చెప్పండి" అని రాశారు.

ఆమెకు వెంటనే విడిగా జవాబు పంపాను. కాని చిలకను గురించిన ప్రశ్నలు ఎమ్మిగనూరు నుంచి, ఇంకా ఇతర వూళ్ల నుంచి కూడా వస్తూనే వున్నవి. అందుకని అందరికీ పనికివచ్చేట్టు ఈ వారం రాస్తున్నాను.

ముందుగా రామచిలక సంగతి. ఆ సోదరికి మనసెందుకు ఒప్పడం లేదో నాకు తెలుసు. ఎందుకంటే నేను చిలక వున్న ఇంట్లోనే పెరిగాను.

మాది ఎమ్మిగనూరు. ఇంట్లో రెండు గుంత మగ్గాలు. మాచాని సోమప్ప గారు 1938లో ప్రారంభించిన చేనేత సహకార సంఘం పేరు ఆ వూరి ఇంటింటా వినిపించేది. మగ్గాల గది ముందు వసారాలో ఇనుప పంజరం, అందులో రాముడు. మా చిలక పేరది. వాడికి మా పిల్లలందరి పేర్లూ వచ్చు. మగ్గం ఆగితే తానే "టకటక" మని చప్పుడు చేసేవాడు. తాత లోపలినుంచి "ఎవర్రా మగ్గమెక్కింది?" అని అరిస్తే మేము పడీ పడీ నవ్వేవాళ్లం.

సాయంత్రం అయిదు దాటగానే అవ్వ పంజరం మీద పాత దుప్పటి కప్పేది. ఎండ ఇంకా వుండగానే కప్పేది. "ఎందుకవ్వా?" అంటే, "వానికి నిద్ర రావాల గదా" అనేది. నేను నమ్మాను. ఒకనాడు అవ్వ వూరికి పోయింది. దుప్పటి కప్పే పని నాది. ఆటలో పడి మరిచిపోయాను. పొద్దుగూకే వేళ చిలకల గుంపు ఒకటి అరుచుకుంటూ వచ్చి మా వేపచెట్టు మీద వాలింది. అప్పుడు చూశాను రాముణ్ణి. కమ్మీలు పట్టుకుని, కత్తిరించిన రెక్కలు కొట్టుకుంటూ, మేమెన్నడూ వినని గొంతుతో అరిచాడు. గుంపు లేచిపోయాక కూడా చాలాసేపు అరిచాడు. ముక్కు పక్కన చర్మం గీసుకుని నెత్తురు వచ్చింది.

మర్నాడు అవ్వ వచ్చి చూసి నన్ను తిట్టలేదు. "మన మాటలు నేర్చుకున్నాడు గానీ, వాళ్ల మాట మరిచిపోలేదమ్మీ" అన్నది. అంతే. రాముడు పోయిన తరువాత మా ఇంట్లోకి ఇంకో చిలక రాలేదు. అవ్వకు ఆ దుప్పటి సంగతి మొదటినుంచీ తెలుసు. తెలిసీ ఆమె చేయగలిగింది దుప్పటి కప్పడమొక్కటే.

ఇది మనసుకు సంబంధించిన మాట. ఇక చట్టం మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు అడవి పిట్టలను పట్టడం, అమ్మడం, పెంచడం నేరం. ఆ చట్టాన్ని 2022లో సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమలులోకి వచ్చింది. అందులో రామచిలక రెండవ షెడ్యూలులో వున్నది. జైలు శిక్ష, జరిమానా పడే నేరమిది. అమ్మినవాడిదే కాదు, కొని ఇంట్లో పెట్టుకున్నవాళ్లదీ తప్పే. గోరువంకను గాని, మునియాలను గాని పంజరంలో పెట్టరాదు. సంతల్లో ఒక్కోసారి ఆకుపచ్చ, గులాబి రంగులు పూసిన చిన్న పిట్టలు అమ్ముతారు. వాటిలో చాలావరకు మన పొలాల్లో పట్టిన మునియాలే. నీళ్లు తగిలితే రంగు కారిపోతుంది.

ఇంకొక సంగతి. 2018లో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రామచిలకనే రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. ఈ ఒక్క మాట చెబితే తొమ్మిదేళ్ల పిల్లవాడికి చట్టం చక్కగా అర్థమవుతుంది. "మన రాష్ట్రపు పిట్టను మనమే జైల్లో పెడతామా?" అని అడిగి చూడండి.

"పాపం, ఆ పిల్ల చచ్చిపోతుందేమో, జాలిపడి కొంటే తప్పా?" అని కొందరు తల్లులు అడుగుతారు. మీ జాలి ఆ మనిషికి బేరం. ఒకటి అమ్ముడయితే చెట్టు తొర్రలోంచి రెండు తీసుకొస్తాడు. కొనకుండా అటవీశాఖ వారికి కబురు చేయండి. ఇంట్లో ఇప్పటికే చిలక వున్నవారు కూడా తొందరపడి ఎగరవేయకండి. రెక్కలు కత్తిరించిన చిలక, మనుషుల చేతి మీద పెరిగిన చిలక బయట బతకలేదు. దాన్ని కూడా అటవీశాఖ వారికే అప్పగించాలి.

మరి పిల్లవాడికి ఏ పిట్ట? చెబుతాను.

పిట్టల దుకాణంలో "లవ్ బర్డ్స్" అని అడిగితే చాలాచోట్ల చూపించేవి నిజానికి లవ్ బర్డ్స్ కావు. అవి బడ్జీలు. పూర్తి పేరు బడ్జెరిగార్. ఆస్ట్రేలియాలోని మెట్ట ప్రాంతాల చిన్న చిలక. జానెడు కూడా వుండదు, బరువు ముప్ఫై నలభై గ్రాములు. 1840లో జాన్ గౌల్డ్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు వీటిని ఇంగ్లండుకు తెచ్చాడు. నాటినుంచి తరతరాలుగా పంజరాల్లోనే పుట్టి పెరుగుతున్న జాతి. అడవి బడ్జీ ఆకుపచ్చనిది. నీలం, తెలుపు, నిండు పసుపు రంగులన్నీ మనుషుల దగ్గర పెరిగిన తరువాత వచ్చినవే. వీటిని పెంచుకోవడానికి చట్టం అడ్డురాదు.

అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. అందంగా వుంటాయి, కాని ముక్కు గట్టిది, కోపం ఎక్కువ. చిన్నపిల్లల వేళ్లకు మంచిది కాదు. ఫించ్ పిట్టలు చూడ్డానికి ముద్దుగా వుంటాయి. అవి మనుషుల చేతిమీదికి రావు. దూరాన్నించి చూసి ఆనందించేవారికే అవి. తలపై కుచ్చు వున్న కాకటీల్ చాలా నెమ్మదైన పిట్ట, మగది చక్కగా ఈల వేస్తుంది. అయితే దాని ఈకలనుంచి తెల్లని పొడి రాలుతుంది. పత్తి దుమ్ముతో ఇదివరకే దగ్గు, ఆయాసం వున్న ఇళ్లలో అది కూడదు. పైగా పదిహేను ఇరవై ఏళ్లు బతుకుతుంది. బాబు కాలేజీకి పోయినా, ఉద్యోగానికి పోయినా దాన్ని చూడవలసింది మీరే. ఇక పెద్ద పెద్ద విదేశీ చిలకల అరుపు వీధి చివరిదాకా వినిపిస్తుంది. వాటిలో చాలావాటిని 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. ఆ జోలికి పోకండి.

అన్నీ ఆలోచిస్తే ఆడుకునే పిట్ట కావాలన్న ఇంటికి బడ్జీయే తగినది. నిచ్చెన ఎక్కుతుంది, చిన్న బంతి దొర్లిస్తుంది, గంట మోగిస్తుంది, మచ్చికయితే భుజం మీద కూర్చుని చెవిలో గుసగుసలాడుతుంది. మాటలూ వస్తాయి. అమెరికాలో పక్ అనే బడ్జీకి 1,728 మాటలు వచ్చునని గిన్నిస్ వారు లెక్కగట్టారు. అది 1994లో పోయింది. మీ ఇంటి పిట్టకు నాలుగు మాటలు వస్తే సంతోషించండి. రాకపోతే దాన్ని తక్కువ చేయకండి.

కొనేటప్పుడు ఏం చూడాలి? లేతది కావాలి. ఆరు నుంచి పది వారాల వయసుది అయితే త్వరగా మచ్చికవుతుంది. లేత పిట్టకు నుదుటి మీద సన్నని చారలు ముక్కు దాకా వుంటాయి. మూడు నాలుగు నెలలకు ఈకలు మార్చాక ఆ చారలు పోయి నుదురు శుభ్రంగా కనిపిస్తుంది. లేతదానికి కన్ను అంతా నల్లగా వుంటుంది, పెద్దదానికి చుట్టూ తెల్లని వలయం వస్తుంది. ముక్కు పైభాగం సాధారణంగా పెద్ద మగదానికి నీలంగా, ఆడదానికి తెలుపుగానో గోధుమ రంగుగానో వుంటుంది. కొన్ని రంగుల పిట్టల్లో ఈ గుర్తులు పనిచేయవు.

ఒక మూల ఈకలు ఉబ్బించుకుని కూర్చున్న పిట్టను "ఎంత బుద్ధిమంతురాలో" అని కొనకండి. అది జబ్బు పిట్ట. తోక పైకీ కిందికీ కొట్టుకుంటూ ఊపిరి తీసేదీ, తోక కింద రెట్ట అంటుకున్నదీ, ముక్కు చుట్టూ సున్నంలాంటి పొక్కులున్నదీ వద్దు. గంతులు వేస్తూ, చేయి పెడితే దూరంగా జరిగే పిట్టే ఆరోగ్యమైనది.

ఒకటా, రెండా? గుంపులో బతికే జాతి ఇది. రోజంతా ఇంట్లో ఎవరూ లేనివారు ఒంటరి పిట్టను పెట్టకూడదు. నా సలహా రెండు మగపిట్టలు. మొదట ఒకదాన్ని తెచ్చి మచ్చిక చేసి, నెల తరువాత రెండవదాన్ని తెస్తే రెండూ మనుషులకు అలవాటవుతాయి. ఆడామగా జతను తెచ్చి, దుకాణంవాడు ఇచ్చే మట్టికుండ పంజరంలో కట్టారనుకోండి, అవి గుడ్లు పెట్టడంలో పడతాయి. ఆడది కుండ దగ్గరికి వచ్చిన వేలినల్లా కొరుకుతుంది. ఆట పోతుంది, సంసారం పెరుగుతుంది. కుండ కట్టకండి.

పంజరం ఎత్తుకంటే పొడవు ముఖ్యం. పిట్ట పైకి కాదు, అడ్డంగా ఎగురుతుంది. రెండు పిట్టలకు కనీసం రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు వుండాలి. కమ్మీల మధ్య సందు అరంగుళం దాటకూడదు. గుండ్రటి పంజరం వద్దు. పిట్టకంటే పంజరానికే ఎక్కువ ఖర్చవుతుంది, అక్కడ లోభించకండి. కూర్చోడానికి ప్లాస్టిక్ కర్రలకు బదులు వేప కొమ్మలు, జామ కొమ్మలు లావూ సన్నమూ కలిపి కట్టండి. కాళ్లకు మంచిది, కొరుక్కోవడానికి కాలక్షేపం.

తిండికి మన పడమటి కర్నూలు వారు ఎక్కడా వెతకనక్కరలేదు. బడ్జీకి ఇష్టమైనది కొర్ర. మన మెట్ట పంటే! బియ్యంలా దంచిన కొర్రలు కాదు, పొట్టుతో వున్నవి. వాటితోపాటు వరిగలు, కొంచెం సజ్జలు. వారానికొక కొర్ర కంకి వేలాడదీస్తే ఆటకు ఆట, తిండికి తిండి. కొత్తిమీర, పాలకూర, మునగాకు, తురిమిన క్యారెట్ కడిగి పెట్టండి. ఆయుర్వేద దుకాణాల్లో సముద్రపు నురుగు దొరుకుతుంది. పేరుకు నురుగు గాని, అది కటిల్ చేప ఎముక. ముక్క కట్టండి, సున్నపు సత్తువ అందుతుంది. ఉప్పు వేసినవి, కాఫీ, టీ, చాక్లెట్, అవకాడో పండు పెట్టకూడదు.

ఇక్కడ తల్లులు గమనించవలసిన సంగతి ఒకటి వున్నది. బడ్జీ గింజను ఒలుచుకుని పప్పు తిని పొట్టును గిన్నెలోనే వదులుతుంది. పైకి గిన్నె నిండుగానే కనిపిస్తుంది. "తిండి వుందిలే" అనుకుని రెండు రోజులు వూరుకుంటే పిట్ట నిండు గిన్నె ముందు ఆకలితో చచ్చిపోతుంది. మా బంధువుల ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. పిల్ల నెల రోజులు ఏడ్చింది. రోజూ పొద్దున గిన్నె చేతిలోకి తీసుకుని పొట్టు వూదేసి, లోపల ఏమున్నదో చూసి కొత్తవి పోయాలి. చాటలో చెరగడం తెలిసిన మనకు ఇదొక పనా!

ఎండల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. ఆదోనిలో ఏప్రిల్, మే నెలల్లో కొండ బండలు పెనాల్లా కాలుతాయి. బడ్జీ వేడి దేశపు పిట్టే. కాని ఆస్ట్రేలియాలో అది నీడకూ నీటికీ ఎగిరిపోగలదు, పంజరంలో పోలేదు. రేకుల కప్పు కింద, పడమటి కిటికీలో పంజరం పెట్టకండి. నాపబండల గదిలో గోడవారగా, గాలి ఆడేచోట పెట్టండి. వెడల్పు గిన్నెలో రెండంగుళాలకు మించకుండా నీళ్లు పెడితే స్నానం చేస్తుంది. నోరు తెరిచి, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి రొప్పుతుంటే ఎండ తగిలిందన్నమాట. వెంటనే చల్లనిచోటికి మార్చి కాళ్లు తడపండి, ఐసు నీళ్లు మాత్రం పోయకండి.

వంటింట్లో పంజరం ఎన్నటికీ వద్దు. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా మాడితే వచ్చే వాయువు మనకు వాసనైనా తెలియకముందే పిట్ట ప్రాణం తీస్తుంది.

మన రెండు వూళ్లకూ ప్రత్యేకమైన హెచ్చరిక నూలు. ఎమ్మిగనూరులో మగ్గాల దారం, ఆదోనిలో పత్తి పోగులు. పిట్ట గూడు కట్టుకుంటుందని పిల్లలు నూలుపోగులు వేస్తారు. ఆ పోగు కాలివేలికి చుట్టుకుని బిగిసిందంటే వేలు నల్లబడి రాలిపోతుంది. దారాలు, దూది, పీచు లేచిన గుడ్డలు పంజరం దరిదాపుల్లో వుండకూడదు. ఆటవస్తువు కావాలంటే నూలంతా తీసేసిన, రంగూ నూనే అంటని చెక్క కండె ఒకటి ఇవ్వండి. దాన్ని దొర్లిస్తూ గంటలు గంటలు ఆడుతుంది.

మచ్చిక చేయడానికి తొందర పనికిరాదు. మొదటి మూడు రోజులు చేయి పెట్టకుండా, దగ్గర కూర్చుని మెల్లగా మాట్లాడాలి. తరువాత పంజరంలో కదలకుండా చేయి వుంచాలి. ఆ తరువాత కొర్ర కంకిని చేతిలో పట్టుకోవాలి. తినడం మొదలుపెట్టాక, వేలిని రొమ్ముకు కాస్త కింద ఆనిస్తే ఎక్కి కూర్చుంటుంది. రోజుకు రెండుసార్లు పది పదిహేను నిమిషాలు చాలు. ఒకదానికి వారం పడుతుంది, ఇంకొకదానికి రెండు నెలలు. బయటికి వదిలేటప్పుడు ఫ్యాను ఆపాలి, తలుపులు మూయాలి, అద్దాల మీద గుడ్డ వేయాలి. పిల్లిని వేరే గదిలో పెట్టినా సరిపోదు, గొళ్లెం పడిందో లేదో చూడాలి. "స్వేచ్ఛ యిద్దాం" అని బడ్జీని బయటికి ఎగరవేయడం దయ కాదు. మన ఆకాశంలో దానికి గుంపు లేదు, దారి తెలియదు. కాకులో డేగలో కాచుకుని వుంటాయి.

ఇప్పుడు నాలుగేళ్ల పాప విషయం. పిట్టను గుప్పిట్లో పట్టుకోనివ్వకండి. మనకు ఊపిరి పీల్చడానికి పొట్టకూ రొమ్ముకూ మధ్య ఒక పొర వున్నది, పిట్టకు అది లేదు. రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే దానికి ఊపిరి. పాప ప్రేమతోనే గట్టిగా పట్టుకుంటుంది. మెడ వదిలేసినా సరే, రొమ్ము నొక్కుకుంటే నిమిషంలో ప్రాణం పోతుంది. పాప పని కంకి అందివ్వడం, మాట్లాడడం. ముట్టుకోవడం పెద్దలు దగ్గర వున్నప్పుడు, ఒక్క వేలితో. పంజరం శుభ్రం చేసిన తరువాత అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు తగ్గకుండా వుంటే డాక్టరుగారితో మా ఇంట్లో పిట్ట వున్నదని చెప్పండి. చిలకజాతి పిట్టలనుంచి వచ్చే జ్వరం ఒకటి వున్నది. ముందే చెబితే మందు సులభంగా పడుతుంది.

రాత్రి పది పన్నెండు గంటలు నిద్ర కావాలి. టెలివిజన్ వున్న గదిలో అర్ధరాత్రి దాకా మేలుకొలపకండి. పంజరం మీద పలచని గుడ్డ కప్పండి, గాలి ఆడేట్టు ఒక పక్క వదలండి. ఈ మాట రాస్తుంటే మా అవ్వ దుప్పటి గుర్తుకొచ్చింది. అది నిద్ర కోసం కప్పింది కాదు. ఇది నిజంగా నిద్ర కోసమే.

ఇంత రాశాక అసలు సలహా మిగిలేవున్నది. ఆదోని సోదరికి రాసిన జవాబులో మొదట రాసింది ఇదే. ఏ పిట్టా కొనకముందు ఒక నెల గడువు పెట్టండి. మిద్దె మీద నీడపట్టున ఒక మట్టి మూకుడులో నీళ్లు, పక్కన గుప్పెడు గింజలు. రోజూ పొద్దున మూకుడు కడిగి నీళ్లు మార్చేది బాబు. మీరు గుర్తు చేయకూడదు. కేలండరు మీద తానే గుర్తు పెట్టుకోవాలి. నెలలో నాలుగైదు రోజులకు మించి మరిచిపోకపోతే బడ్జీ కొనవచ్చు. మరిచిపోతే వద్దు. మిద్దె మీది పిచ్చుక మూకుడు ఎండితే ఇంకో ఇంటికి పోతుంది. పంజరంలోని పిట్ట ఎక్కడికి పోతుంది?

మొన్న ఆమె దగ్గరినుంచి రెండవ ఉత్తరం వచ్చింది. చిలకపిల్లను తెచ్చిన మనిషి అన్నమాట ప్రకారం వచ్చాడు. నా జవాబును ఆమె అత్తగారికి చదివి వినిపించారట. అవ్వ దుప్పటి దగ్గర ఆవిడ ఏమీ అనలేదట, లేచి లోపలికి పోయారట. ఆ మనిషి వచ్చినప్పుడు గుమ్మంలో నిలబడి, "మాకొద్దు. ఇంకో ఇంటికీ అమ్మకు నాయనా. అటవీశాఖ వాళ్లకు చెప్పినాము" అన్నది ఆవిడే. చెప్పిన మాట నిజమే. కాని వాళ్లు వచ్చేలోపున అతను సంచితో సహా వెళ్లిపోయాడు. ఆ పిల్ల ఏమైందో తెలియదు. "అది ఒక్కటే ఇప్పటికీ బాధ అక్కయ్యా" అని రాశారు. నాకూ బాధే.

బాబు నెలలో మూడు రోజులు తప్పాడు. మొదట పిచ్చుకలు, తరువాత గోరువంకలు వచ్చాయట. ఇరవయ్యో రోజున వెనుకవీధి వేపచెట్టు మీద రామచిలకలు పండ్లు తింటుంటే వాడే నాయనమ్మను మిద్దె ఎక్కించి చూపించాడట. "జేజీ, అవి మన రాష్ట్రానివి, తెలుసా?" అన్నాడట.

ఇప్పుడు ఇంట్లో ఆకుపచ్చ బడ్జీ ఒకటి వున్నది. రెండవది వచ్చే నెల వస్తుంది. పొట్టు వూదే పని బాబుది, కంకి అందించే పని పాపది. దానికి "రామా" అని నేర్పే పని అత్తగారు తీసుకున్నారట. ఇంకా పలకలేదట. కాని ఆవిడ కూర్చుంటే చాలు, పిట్ట కర్ర చివరికి జరిగివచ్చి తల పక్కకు వంచి వింటుందట. భర్తగారు కూడా పత్రిక మడిచిపెట్టి చూస్తున్నారని చివర్లో రాశారు.